మారుతి 800కు వారసు లెవరు?

 

మన ఉద్యోగ కుటుంబములలో పెక్కింటికి మొదటి కారు మారుతి 800. స్కూటరుపై నలుగురు సర్దుకొని తిరిగిన సంసారములను ఎండనుండి, వాననుండి కాపాడినది అదియే. 1983 డిసెంబరు 14న నాటి ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ తొలి కారు తాళపుచెవిని కొన్నవారి చేతికి అందించిరి. నాడు దాని ధర దాదాపు 50 వేల రూపాయలు. 2014 జనవరిలో దాని తయారీ నిలిచిపోయెను. "అటువంటి బండి మరల దొరకునా?" అని అడుగువారు నేటికిని కలరు. వారికి నాకు తోచిన సమాధానమును విన్నవించెదను.

అంత మంచి బండిని ఏల ఆపివేసిరి? 2010 ఏప్రిలులో ఢిల్లీ, హైదరాబాదు మొదలగు 13 నగరములలో భారత్ స్టేజ్ 4 పొగ నిబంధనలు అమలులోనికి వచ్చినవి. ఇంజనును వాటికి అనుగుణముగా మార్చక, కంపెనీ ఆ నగరములలో దాని అమ్మకమును విరమించెను. తక్కినచోట్ల మరి నాలుగేండ్లు మాత్రమే అది సాగినది.

ఆ కారు సుగుణములు మూడు. పొడవు సుమారు 3.3 మీటర్లే యగుటచే క్వార్టర్ల నడుమ ఇరుకు సందులలో సులువుగా తిరిగెడిది. బరువు సుమారు 650 కిలోలే యగుటచే పెట్రోలు తక్కువ త్రాగెడిది. ఏ చిన్న ఊరి మెకానిక్కుకైనను దాని మరమ్మతు తెలిసియుండెడిది. అయితే ఆ తేలికదనమునకు మూల్యమును మరువరాదు. దానిలో ఎయిర్‌బ్యాగు లేదు. దాని తరువాత వచ్చిన ఆల్టో 800ను, ఎయిర్‌బ్యాగులు లేని రకమును, గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఢీకొట్టించి పరీక్షింపగా, 2014లో వెలువడిన ఫలితములలో పెద్దల రక్షణకు ఒక్క నక్షత్రమైనను రాలేదు.

కావున పోలికను వెదకుట మాని, మన అవసరమును వెదకవలెను. ఇరుకు చోటు, పరిమిత వ్యయము ముఖ్యమైనచో ఆల్టో కె10 కలదు. దాని పొడవు 3.53 మీటర్లు. 2025లో దానికి ఆరు ఎయిర్‌బ్యాగులు అమర్చిరి. ఇంట మోకాళ్ల నొప్పులుగల పెద్దలున్నచో, ఎత్తైన వాగన్ ఆర్‌లో అంతగా వంగకుండ ఎక్కి దిగవచ్చును. దృఢత్వము ముఖ్యమనువారికి టాటా టియాగో తగినది. 2020 నాటి పరీక్షలో పెద్దల రక్షణకు నాలుగు నక్షత్రములు పొందినది. కాని కొంత పొడవు హెచ్చు. నిలుపుచోటును ముందే కొలుచుకొనుడు.

పాత 800నే కొనదలచువారికి ఒక హెచ్చరిక. రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. పిమ్మట తనిఖీ చేయించి అయిదేసి ఏండ్లకు పొడిగించుకొనవలెను. ఢిల్లీలో 15 ఏండ్లు దాటిన పెట్రోలు బండ్లపై ఆంక్షలను సుప్రీంకోర్టు 2018లో సమర్థించినది. తరువాతి ఉత్తర్వులను కూడ విచారించిన పిమ్మటనే డబ్బు చెల్లించుడు.

బదిలీలుగల మనకు మరియొక సౌకర్యము కలదు. 2021లో వచ్చిన బి.హెచ్. రిజిస్ట్రేషనును ఉద్యోగములోనున్న కేంద్రప్రభుత్వ సిబ్బంది పొందవచ్చును. పన్ను రెండేసి ఏండ్లకు చెల్లించవచ్చును; ఢిల్లీనుండి విశాఖపట్నమునకు బదిలీయైనను నంబరు మార్పించు పనిలేదు.

కొనబోవునప్పుడు తల్లిదండ్రులను, పిల్లలను వెంటబెట్టుకొని పొండు. వెనుక సీటులో వారిని కూర్చుండబెట్టి చూడుడు. మారుతి 800 మనకు కారు కొనగల ధైర్యము నిచ్చినది. దాని స్థానమున వచ్చు కారు మనవారిని క్షేమముగా ఇల్లు చేర్చునదై యుండవలెను.