కల్యాణిని రాసిందీ, కల్యాణి అయిందీ ఒకరే
(కారేపల్లిలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



టీవీ గురించి మాట్లాడమంటే మనం మామూలుగా తిట్లతోనే మొదలుపెడతాం. అత్తాకోడళ్ల సీరియళ్లు చూస్తూ తిట్టకుండా ఉండటం కష్టం కూడాను. కానీ ఈ రోజు నేను ఒక అభిమానిగా మాట్లాడదలుచుకున్నాను. ఆమె పేరు కవితా చౌధరి. 2024 ఫిబ్రవరిలో అమృత్‌సర్‌లో చనిపోయింది. సర్ఫ్ ప్రకటనలో బేరం దగ్గర లెక్క తప్పని లలితాజీ అంటే మీలో పెద్దవాళ్లకు వెంటనే గుర్తొస్తుంది. నాకు మాత్రం ఆమె అంటే 'ఉడాన్'.

'ఉడాన్' 1989లో దూరదర్శన్‌లో మొదలైంది. కల్యాణి అనే అమ్మాయి ఐపిఎస్ అధికారి అయ్యే కథ. దాన్ని రాసింది కవిత, దర్శకత్వం కవిత, కల్యాణి వేషమూ కవితే. రాసి నటించేవాళ్లు మన తెలుగులో లేరా అంటే ఉన్నారు. పరుచూరి సోదరులున్నారు, గొల్లపూడి మారుతీరావు ఉండేవారు, 'అత్తగారి కథలు' రాసిన భానుమతి ఉండేది. కానీ ఒక ఆడమనిషి తన ఇంట్లో జరిగిన అన్యాయాన్ని తానే రాసి, తానే ఖాకీ తొడుక్కుని దేశమంతటికీ చూపించడం వేరే సంగతి.

ఆ అన్యాయం ఏమిటంటే, ఆస్తి తగాదాలో తండ్రి మీద దాడి జరిగింది. పోలీసులు ఫిర్యాదు రాసుకోలేదు. అంతే. ఆ కోపంతోనే పెద్ద కూతురు కాంచన్ పోలీసు ఉద్యోగంలో చేరింది. 1973 బ్యాచి, కిరణ్ బేడీ తర్వాత ఐపిఎస్‌లోకి వచ్చిన రెండో స్త్రీ. 2004లో ఉత్తరాంచల్, అంటే నేటి ఉత్తరాఖండ్‌కు డీజీపీ అయింది. దేశంలో ఒక రాష్ట్ర పోలీసు శాఖకు అధిపతి అయిన మొదటి స్త్రీ ఆమే. 2019లో మరణించింది. ఈ కాంచన్ చౌధరి భట్టాచార్య చెల్లెలే మన కవిత. అక్క ఉద్యోగం చేసింది, చెల్లెలు కథ రాసింది. ఇద్దరూ జవాబు చెప్పింది ఆ రాయని ఫిర్యాదుకే.

మరుసటి ఏడు, 1990లో, తెలుగులో 'కర్తవ్యం' వచ్చింది. విజయశాంతికి జాతీయ అవార్డు తెచ్చిన సినిమా. ఈలలు వేసి మరీ చూశాం, కాదనను. అయితే కల్యాణి నాకు ఎక్కువ దగ్గర. ఆమె గొంతు పెంచదు. శేఖర్ కపూర్ జిల్లా కలెక్టరుగా కనిపిస్తాడు గాని, కల్యాణి బతుకు అతని చుట్టూ తిరగదు. మగవాడు రాసి ఉంటే తిరిగేదని నా అనుమానం.

మరి పోలీసు కథను మనం మెచ్చుకోవడమేమిటి అని ఇక్కడి అక్కలు అడుగుతారు. అడగాలి కూడా. 1978లో హైదరాబాదులో రమీజాబీకి స్టేషన్‌లో ఏం జరిగిందో మనం మరిచిపోలేదు. 2007లో విశాఖ మన్యంలోని వాకపల్లిలో 11 మంది ఆదివాసీ స్త్రీలు పోలీసుల మీద అత్యాచార ఆరోపణ చేశారు. 2023లో కోర్టు నిందితులను వదిలేస్తూ దర్యాప్తునే తప్పుబట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇమ్మంది. ఖాకీ అంటే అడవి అంచున ఉన్న మనకు కల్యాణి గుర్తు రాకపోవడం సహజం. ఒక్క మంచి అధికారి వస్తే స్టేషన్ మారిపోతుందన్న ఆశ 'ఉడాన్'లో ఉంది. ఆ ఆశతో నాకు పేచీ ఉంది.

కానీ ఆ కథ ఎక్కడ పుట్టిందో చూడండి: ఠాణా గడప దగ్గర, కాగితం మీద పెన్ను పెట్టని చోట. మన కేసులు ఆగిపోయేదీ అక్కడేగా! భూమి తగాదాకు పోతే సివిల్ అంటారు, మొగుడు కొట్టాడంటే ఇంట్లో మాట్లాడుకొమ్మంటారు. 2013లో సుప్రీంకోర్టు లలితా కుమారి కేసులో తీర్పు చెప్పింది: విచారణార్హమైన నేరం జరిగిందని ఫిర్యాదులో కనబడితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలి. అక్కడా కథ ఒక తండ్రిదే. కూతురు కనబడటం లేదని పోతే పోలీసులు రాసుకోలేదు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. అక్కడ రాసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు.

నా కోరిక ఒక్కటే. వచ్చే నెల చట్టాల క్లాసుకు ముందు 'ఉడాన్' ఒక భాగం వేద్దాం. హిందీ అని భయపడకండి. తండాల నుంచి వచ్చే చెల్లెళ్లు గోర్‌బోలీలో చెబుతారు, కోయ గూడేల వాళ్లకు వాళ్లవాళ్లు చెబుతారు. మధ్యలో ఆపి మాట్లాడుకోవచ్చు. అది అయ్యాక, ఎఫ్ఐఆర్ కాగితం నకలు ఉచితంగా ఇవ్వాలని తెలియనివాళ్లు ఎంతమందో చేతులెత్తమని అడుగుదాం.