నెలకు ఎంత కాదు, మొత్తం ఎంత?
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. కారు కొనేటప్పుడు మనల్ని ఒక మాట అడుగుతారు. 2025 ఆగస్టులో న్యూజెర్సీలో మా అబ్బాయికి నేనిచ్చిన సలహా తప్పయింది. ఎందుకు తప్పయిందో చెబితే మీకు ఉపయోగపడుతుందని నా ఆశ.

వాడు చూసింది టయోటా ప్రియస్ ప్లగ్-ఇన్ హైబ్రిడ్. అంటే పెట్రోలు ఇంజనుతో పాటు, ఇంట్లో ప్లగ్గుకు పెట్టి చార్జి చేసుకునే బ్యాటరీ కూడా ఉన్న కారు. ఒక్క చార్జితో సుమారు 40 మైళ్లు కరెంటు మీదే నడుస్తుంది. వాడి ఆఫీసు రానుపోను 30 మైళ్లు. ఇంటికి గ్యారేజీ ఉంది, మామూలు ప్లగ్గుకు రాత్రంతా పెడితే సరిపోతుంది. ఆ వసతి లేనివారికి మాత్రం ఈ కారు దండగ. బ్యాటరీకి డబ్బు కట్టి పెట్రోలు మీద తిరగడమే అవుతుంది.

మూడేళ్ల లీజుకు తీసుకుంటానన్నాడు. "అద్దె కట్టినవాడికి చివరికి మిగిలేవి రసీదులే, కొనెయ్యరా" అన్నాను. వాడు కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టాడు.

లెక్క తేలికగా ఉండాలని ధర 40,000 డాలర్లు, మూడేళ్ల తర్వాత విలువ 24,000 అని వేసుకున్నాం. తరుగుదల 16,000. అయిదేళ్ల అప్పు మీద 6 శాతానికి కొంటే మొదటి మూడేళ్ల వడ్డీ సుమారు 5,300. వెరసి 21,300. లీజులోనూ కట్టేది తరుగుదల, వడ్డీయే. అయితే అప్పట్లో ఈ ధరలోని ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కు లీజులో 6,000 డాలర్ల వరకు ప్రభుత్వ రాయితీ ఉండేది. జపానులో తయారైన ఈ కారును సొంతానికి కొంటే అది రాదు. లీజు కంపెనీకి వస్తుంది, ఆ కంపెనీ దాన్ని ధరలో తగ్గించింది. తరుగుదల 10,000, వడ్డీ సుమారు 5,200, వెరసి 15,200. చివర్లో 24,000 కట్టి కారును ఉంచుకోవచ్చు కూడా. బిల్లులు తనిఖీ చేస్తూ సర్వీసంతా గడిపిన నేను, "సొంతం" అనే మాట మోజులో లెక్క వేయకుండానే తీర్పు చెప్పాను.

అప్పుడు మా కోడలు, "మావయ్యగారూ, మధ్యలో ఉద్యోగం పోతే?" అంది. హెచ్-1బి వీసా వారికి ఉద్యోగం పోతే గడువు గరిష్ఠంగా 60 రోజులే. లీజు మధ్యలో వదిలేస్తే పెద్ద మొత్తం కట్టాల్సి రావచ్చు. ఒప్పందం ఆసాంతం చదివాం. మధ్యలో కొనుక్కునే వీలుందని చూసుకుని, ఆరు నెలల వాయిదాలు విడిగా దాచాకే సంతకం చేశాడు.

ఒక హెచ్చరిక. 2025 సెప్టెంబరు 30 తర్వాత తీసుకున్న కార్లకు ఆ రాయితీ లేదు. అది తీసేస్తే మూడేళ్ల ఖర్చు రెండు విధాలా ఇంచుమించు ఒకటే. ఎనిమిదీ పదేళ్లు వాడుకునేవారికి కొనడమే మేలు, ఎందుకంటే మళ్లీ మళ్లీ లీజు తీసుకుంటే ప్రతిసారీ కొత్త కారు తొలి ఏళ్ల తరుగుదలే మనం భరిస్తాం. కనుక మా వాడి జవాబు మీ పిల్లలకు చెప్పకండి. లెక్క వేసే పద్ధతి చెప్పండి.

నాలుగు ప్రశ్నలు అడగమనండి. మొత్తం ఎంత? వడ్డీ ఎంత? లీజులో అది 0.0025 లాంటి చిన్న అంకెగా ఉంటుంది, 2,400తో హెచ్చవేస్తే 6 శాతం అని తేలుతుంది. ఏడాదికి ఎన్ని మైళ్లు? 12,000 దాటితే మైలుకు 20 సెంట్లన్నా, 2,000 మైళ్లకు 400 డాలర్లు. మధ్యలో బయటపడాలంటే ఎంత?

షోరూములో మొదట వినిపించేది "నెలకు ఇంతే" అన్న మాట. అది విని సంతకం చేయవద్దని మన పిల్లలకు చెబుదాం.