అంగదుని సేనలో ఆంజనేయుడు



సీతాన్వేషణకై దక్షిణ దిక్కునకు వెడలిన వానరసేనను ఈనాడు మనము స్మరించుకొందము. అందు పదవిలో పెద్ద యువరాజైన అంగదుడు. వయస్సులో పెద్ద జాంబవంతుడు. బలములో సాటిలేనివాడు హనుమంతుడు. శ్రీరాముని అంగుళీయకము ఆయన చేతనే ఉన్నది. అయినను అంగదుని పదవిని ఆయన ఎన్నడును కోరలేదు.

సుగ్రీవుడు విధించిన మాసము గడువు దాటిపోయినది. రిక్తహస్తములతో మరలినచో ప్రాణము దక్కదని అంగదుడు భీతిల్లెను. ప్రభువు ఆజ్ఞను విడువరాదని హనుమంతుడు హితము చెప్పెను. అంగదుడు వినక ప్రాయోపవేశమునకు కూర్చుండెను. అప్పుడు సంపాతి వచ్చి సీతమ్మ లంకలో ఉన్నదని తెలిపెను. నడుమ 100 యోజనముల సముద్రము!

ఇచట అంగదుని నాయకత్వమును చూడుడు. నీవు దూకుమని అతడు ఎవరిని శాసింపలేదు. ఎవరి శక్తి ఎంతయని అడిగెను. గజుడు 10 యోజనములనెను, గవాక్షుడు 20 అనెను, వృద్ధుడైన జాంబవంతుడు 90 అనెను. తాను 100 యోజనములు దాటగలను గాని మరలి వచ్చుట సందేహమని అంగదుడే సేన ఎదుట చెప్పెను. నాయకుడు నిజము పలికినందున సేనలో ఎవరికిని గొప్పలు చెప్పుకొనవలసిన పని లేకపోయినది.

నాయకుడు పంపవలసినవాడే గాని పోవలసినవాడు కాడని జాంబవంతుడు వారించెను. పిదప ఒకప్రక్క మౌనముగా కూర్చున్న హనుమంతుని చెంతకు పోయి, ఆయన బలమును ఆయనకే జ్ఞాపకము చేసెను. కార్యము నెరవేరినది.

హనుమంతుడు తిరిగివచ్చిన పిమ్మట అంగదుడు పొంగిపోయి, మనమే రావణుని వధించి సీతమ్మను కొనిపోదమనెను. వెదకి రమ్మనుటయే మనకైన ఆజ్ఞయని జాంబవంతుడు తెలిపెను. యువరాజు ఆ మాటను శిరసావహించెను. చిన్నవాని పదవికి పెద్దవారు లోబడిరి. పెద్దవాని మాటకు పదవిలోనున్నవాడు లోబడెను.

సోదరులారా, మన ఇండ్లలోను, దేవాలయ సేవలోను కలహములు ఎచట పుట్టుచున్నవి? ముందు ఎవరు నిలువవలెనన్న చోటనే గదా! ఉత్సవమున స్వామి పల్లకి మోయుచు మనము ముందు కొమ్మునకై పెనుగులాడినచో ఒరిగిపోవునది స్వామియే. పెత్తనము లభించినవారము అంగదునివలె అడిగి తెలిసికొందము. లభింపనివారము హనుమంతునివలె పిలుపు వచ్చువరకు వేచియుండి, వచ్చిననాడు వెనుదీయక లేచెదము.

శ్రీరామచంద్రుడు మనకట్టి బుద్ధిని ప్రసాదించుగాక!