బాలలు – పొగాకు – మన కర్తవ్యము



1998లో మాదాపూరున సైబర్ టవర్సు తెరువబడినపుడు మేము పంతులుద్యోగమున నుంటిమి. రాళ్లగుట్టలున్న చోట అద్దాలమేడలు లేచినవి. వాని నీడను తేనీటి బడ్డీలును లేచినవి. మనవారిలో కొందఱు ఆ మేడలలో కొలువు చేయుచున్నారు. కొందఱు ఆ బడ్డీలు నడుపుచున్నారు. కావున మేము చెప్పబోవునది యితరుల మాట కాదు.

ముంబయిలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థవారు 2019లో దేశమంతట 13 మొదలు 15 ఏండ్ల విద్యార్థులను విచారింపగా, నూటికి 8.5 మంది యేదో యొక రూపమున పొగాకు వాడుచున్నట్లు తేలినది. అంతకన్న మమ్ము కలవరపెట్టిన దింకొకటి. సిగరెట్టు త్రాగిన పిల్లలలో నూటికి 38 మందియు, నమలు పొగాకు వాడినవారిలో 52 మందియు పదియవ పుట్టినదినము రాకమునుపే మొదలిడిరట! మేమో, ఉన్నత తరగతులకు వచ్చినపిదప బోధించుచుంటిమి. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లాయెను.

మా తప్పొకటి చెప్పుకొందుము. ఏడవ తరగతి బాలు డొకని జేబులో బీడీ దొరకగా బెత్తముతో కొట్టితిమి. ఎవ రిచ్చిరి, ఎప్పుడు మొదలిడితివి అని యడుగనైన లేదు. వాడు మరునాడు బడికి రాలేదు. ఆ పిమ్మట నెన్నడును రాలేదు. పరిశోధకులు పేరు వ్రాయనక్కఱలేని ప్రశ్నపత్ర మిత్తురు. బెత్తము చూచి నిజము చెప్పిన పిల్లవానిని మా యుద్యోగకాలమున మేము చూడలేదు.

18 ఏండ్లలోపువారికి పొగాకు అమ్మరాదనియు, విద్యాలయమునకు 100 గజములలోపల అమ్మకమే కూడదనియు 2003 నాటి చట్టము. ఆయుర్వేదమున ధూమపానము కలదు గదా యని నిన్న నొక పెద్ద లడిగిరి. కలదు, అది ఔషధద్రవ్యముల పొగ. దానినైనను 18 ఏండ్లు నిండనివారి కీయరాదని వాగ్భటుడు అష్టాంగహృదయమున విధించినాడు! పొగాకు పోర్చుగీసువారివెంట వచ్చినది. ఆచార మనుటకు వీలులేదు.

మన వసతిగృహమున ఏటేట పేరులేని ప్రశ్నపత్రముతో పిల్లల నడుగవలయును. బోధ మూడవ తరగతినుండియే సాగవలయును. బడ్డీలు నడుపు సోదరులు విడి సిగరెట్ల అమ్మకము మానవలయును. పిల్లవాని చిల్లరకు అందునది ఆ విడి సిగరెట్టే. ఆదాయము తగ్గునని మే మెఱుగుదుము. మూడుమాసములు సంఘనిధినుండి వారికి తోడ్పడవలసినదిగా కార్యవర్గమును వేడుచున్నాము.

కొలత టేపు మాయొద్ద కలదు. రేపటి యుదయమున కొండాపూరు బడి గేటునుండి కొలుచుటకు బయలుదేఱుదుము. ఇద్దరు యువకులు మాకు తోడు రావలయును.