గడ్డి మిషనుకు గట్టి పట్టు
(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల పాల సంఘాల సభ్యులకు ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులో నిలబడితే కాళ్ల కింద నేల అదురుతుంది. మన గడ్డి కోసే మిషనూ అలాగే అదురుతుంది. ఆ అదురుకు పట్టు సడలుతుంది. కొందరు మోటారును పలకకు సి-క్లాంపుతో బిగించి నడుపుతున్నారు. క్లాంపు జారితే మోటారు కదిలి బెల్టు తప్పుతుంది. గడ్డి అందించే చేతికే ప్రమాదం.

క్లాంపు కాసేపు పట్టి ఉంచడానికే. రంధ్రం వేసేటప్పుడు, బ్లేడు అరగదీసేటప్పుడు వాడండి. బిగిస్తే వెన్ను వంగని, దిట్టమైన ఉక్కు క్లాంపునే కొనండి.

మోటారుకు మాత్రం బోల్టులు వేయండి. అడ్డంగా వచ్చే అదురు నట్టును విప్పుతుందని జర్మనీ ఇంజనీరు గెర్‌హార్డ్ యుంకర్ 1969లోనే చూపించాడు. కనుక స్ప్రింగు వాషరు ఒక్కదాన్నే నమ్మవద్దు. జగిత్యాల, కోరుట్ల దుకాణాల్లో లోపల నైలాన్ వలయం ఉన్న నట్టు అడగండి. ఒకసారి విప్పితే కొత్తది వేయండి. అది దొరకకుంటే రెండు నట్లు ఒకదానిపై ఒకటి బిగించండి.

నట్టు మీది నుంచి పలక మీదికి రంగుతో ఒక గీత గీయండి. గీత తప్పిందంటే నట్టు తిరిగినట్టే. వెంటనే కరెంటు ఆపి బిగించండి.

ప్రతి సంఘం తన కేంద్రంలో ఒక జత పానాలు సభ్యుల కోసం ఉంచాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.