బావినీటి చలువ



రైల్వే కొలువులకై బిలాస్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాలకు ఇక్కడి 45 డిగ్రీల ఎండ తెలియనిది కాదు. హిందీవారు ‘ఖస్’ అనే మన వట్టివేళ్ళ తడికల చలువ, నీరు ఆవిరైనందున కలిగేది. తేమగాలిలో అది తగ్గిపోతుంది.

బావినీటి గుణం వేరు. లోతున భూమి ఏడాది పొడవునా ఆ ఊరి సగటు ఉష్ణోగ్రతకు, ఇక్కడ సుమారు 26 డిగ్రీలకు, దగ్గరగా ఉంటుంది. పుష్యమాసపు వేకువన చేదిన నీరు గోరువెచ్చగా తోచేది అందువల్లనే. ఆ నీటిని రాగి గొట్టాల చుట్టలో పారించి వెనుక పంకా నిలిపితే, వేసవిలో గది వేడిని గ్రహిస్తుంది. శీతకాలంలో కొంత వెచ్చదనమిస్తుంది.

అయితే వాడిన నీటిని మురుగుకాలువలోకి వదలరాదు. వేసవిలో అడుగంటే బావిలో పొరుగువారి బిందెలకూ పాలున్నది. ఆవిరి కానందున ఆ నీరు తరగదు. కొంత ఎడంగా తవ్విన మరొక బావిలోనికి పంపవలెను. తోడిన బావిలోనే పోస్తే క్రమంగా దాని చల్లదనం పోతుంది.