గడియ ఊడిన జన్యువు



ఇవాళ నేను పరిచయం చేయబోయేది మనందరి ఒంట్లోనూ ఉన్న ఒక జన్యువు. పేరు ఏబీఎల్-1. తొమ్మిదో క్రోమోజోమ్ చివరి భాగంలో ఉంటుంది. దీని నుంచి తయారయ్యే ప్రొటీన్ ఒక కైనేజ్. మనిషి కణాల్లో అయిదు వందలకు పైగా కైనేజ్‌లున్నాయి. అన్నిటి పనీ ఒక్కటే: ఏటీపీ అణువు నుంచి ఒక ఫాస్ఫేట్‌ను తీసి వేరొకదానికి, చాలావరకు మరో ప్రొటీన్‌కు, తగిలించడం. ఫాస్ఫేట్ తగిలిన ప్రొటీన్ పనిలోకి దిగుతుంది, లేదా పని ఆపేస్తుంది. కణం పెరగాలా, రెండుగా చీలాలా, చావాలా అన్న కబురు ఇలాగే ఒక ప్రొటీన్ నుంచి మరోదానికి అందుతూ పోతుంది.

ఏటీపీ అన్నప్పుడు మన భీమవరం బిడ్డను తలుచుకోకుండా ముందుకు పోలేను. కండరాల్లో ఈ అణువును గుర్తించినట్టు 1929లో హార్వర్డ్ నుంచి ప్రకటించిన ఇద్దరిలో ఒకరు యల్లాప్రగడ సుబ్బారావు, రెండోవారు సైరస్ ఫిస్క్. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుక్కున్నారు. కైనేజ్‌లన్నీ బతికేది ఈ అణువు మీదే.

ఏబీఎల్ తన ఫాస్ఫేట్‌ను టైరోసిన్ అనే అమైనో ఆమ్లం మీద పెడుతుంది. కణానికి ఆకారాన్నీ కదలికనూ ఇచ్చే యాక్టిన్ పోగులను సర్దడంలో దీని చేయి ఉంది. డీఎన్ఏ తెగినప్పుడు కణకేంద్రకంలో జరిగే హడావుడిలోనూ ఉంది. ఈ జన్యువును తీసేసిన ఎలుక పిల్లలు ఎదుగూ బొదుగూ లేక, చాలావరకు కొద్ది వారాల్లోనే చనిపోతాయి. కాబట్టి ఇది చెడ్డ జన్యువు కాదు, మనకు కావలసిందే.

అయితే దీనిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఇది చేసే పని కాదు, పని చేయకుండా ఉండగలగడం. ఏబీఎల్ ప్రొటీన్‌లో ఒక రకానికి మొదటి కొసన చిన్న కొవ్వు ముక్క అంటుకుని ఉంటుంది. అది వెనక్కి వంగి, ఆ ప్రొటీన్ ఒంటిమీదే ఉన్న ఒక గుంటలో దూరి కూర్చుంటుంది. దాంతో పక్క భాగాలు దగ్గరకు బిగిసి కైనేజ్ ఆగిపోతుంది. లోపలి నుంచి గడియ వేసుకున్న ఇల్లన్నమాట. ఈ అమరికను 2003లో స్ఫటిక చిత్రాలతో సహా చూపించారు.

ఈ గడియ ఊడితే ఏమవుతుందో వైద్యులు అంతకు చాలా ముందే చూశారు, అదేమిటో తెలియకుండానే. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రక్తక్యాన్సర్ రోగుల రక్తకణాల్లో బాగా కురచైన ఒక క్రోమోజోమ్‌ను గమనించారు. 1973లో షికాగోలో జానెట్ రౌలీ ఆ పోయిన ముక్క ఎక్కడికి చేరిందో పట్టుకున్నారు. తొమ్మిదో క్రోమోజోమ్, ఇరవై రెండోది కొసలు మార్చుకున్నాయి. ఆ మార్పులో ఏబీఎల్ తన మొదటి కొసను పోగొట్టుకుని, బీసీఆర్ అనే మరో జన్యువుకు అతుక్కుంది. కొవ్వు ముక్క పోయింది. పైగా బీసీఆర్ భాగం ఈ ప్రొటీన్లను గుంపుగా చేర్చి ఒకదాన్నొకటి ఎగదోసేలా చేస్తుంది. ఇక కైనేజ్ ఆగదు. మూలుగలో తెల్ల రక్తకణాలు పుట్టుకొస్తూనే ఉంటాయి.

జబ్బుకు మూలం ఒక్క కైనేజ్ అయితే దాన్నే ఆపవచ్చు గదా? నికొలస్ లిడన్, బ్రయన్ డ్రూకర్ వంటి శాస్త్రవేత్తలు ఈ ఆశతోనే పనిచేశారు. ఏటీపీ కూర్చునే చోటును ఆక్రమించే ఇమాటినిబ్ అనే మందును రోగులకివ్వడం 1998లో మొదలైంది. తొలి పరీక్షలో రోజుకు 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థితికి వచ్చింది. 2001 మే నెలలో అమెరికాలో అనుమతి దొరికింది.

మందు ఉన్నా కొనగలగాలి. నోవార్టిస్ కంపెనీ మందు మన దేశంలో నెలకు లక్ష రూపాయలు దాటేది. హైదరాబాద్ నాట్కో సహా మన కంపెనీలు అందులో చిన్న వంతు ధరకే తయారుచేశాయి. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ పేటెంట్ కోరికను తోసిపుచ్చింది. ఆ తీర్పు ఎందరి ఇళ్లలో దీపం నిలబెట్టిందో చెప్పనలవి కాదు.

కొందరిలో ఏబీఎల్ మళ్లీ మారుతుంది. 315వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే ఇమాటినిబ్‌కు చోటు దొరకదు. అలాంటివారి కోసం పొనాటినిబ్ వచ్చింది. 2021లో అనుమతి పొందిన అసిమినిబ్ అయితే ఏటీపీ చోటు జోలికే పోదు. కొవ్వు ముక్క కూర్చోవలసిన ఆ ఖాళీ గుంటలోకే వెళ్లి కైనేజ్‌ను ఆపుతుంది.

ఈ మాత్రలు వాడుతున్నవారు వింటుంటే ఒక మాట. ఒంట్లో బాగుందని మానకండి. రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ ఎంత మిగిలిందో చెప్పే పీసీఆర్ పరీక్ష డాక్టరు చెప్పిన గడువుకు చేయించుకోండి. ఏళ్ల తరబడి ఆ అంకె బాగా అడుగున నిలిచినవారిలో దాదాపు సగం మంది, డాక్టరు కనుసన్నల్లో మాత్ర ఆపి కూడా ఆరోగ్యంగా ఉంటున్నారు.